నిజాం గ్యారంటీ నుంచి డేటా సెంటర్ రాయితీ దాకా: ఆ కాగితంలో మన పేరు ఉందా?



ఇది పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. హాస్టల్‌లో పక్కన ఉన్నోళ్ళకి కూడా చదివి వినిపించండి.

ఈ మధ్య మన పిల్లల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. విశాఖపట్నానికి గూగుల్ వస్తోంది, హైదరాబాద్‌కి అమెజాన్, మైక్రోసాఫ్ట్ వచ్చాయి, మన భద్రాచలం ఏజెన్సీకి మాత్రం ఏదీ రాదు, 1/70 చట్టం అడ్డం ఉంది కాబట్టే రాదు అని. చదువుకుంటున్న మనోళ్ళే ఈ మాట అంటుంటే చరిత్ర ఒకసారి తిరగేయాలనిపించింది. ఎందుకంటే పెద్ద కంపెనీలు మన దగ్గరికి రాకపోవడం కాదు, 140 ఏళ్ళ కిందటే వచ్చాయి. ప్రభుత్వాలు వాటికి రాయితీలు ఇవ్వడం కూడా అప్పుడే మొదలైంది. ఆ చరిత్ర తెలిస్తే ఇవాళ్టి డేటా సెంటర్ రాయితీల గురించి ఏం అడగాలో మనకి అర్థమవుతుంది.

ముందు రాయితీ అంటే ఏందో చూద్దాం. ప్రభుత్వం చేతికి డబ్బు ఇస్తేనే రాయితీ అనుకుంటాం. నిజానికి ఖజానాకి రావాల్సిన పన్ను వదులుకోవడం, భూమి తక్కువ ధరకి ఇవ్వడం, కరెంటు మీద యూనిట్‌కి ఇంత తగ్గించడం, నష్టం వస్తే మేం కడతాం అని పూచీ పడడం, ఇవన్నీ రాయితీలే. ఇచ్చేది ప్రభుత్వమైనా వదులుకునేది జనం డబ్బే.

నిజాం కాలం

అప్పట్లో గోదావరికి ఈ పక్క పాల్వంచ, ఇల్లందు నిజాం రాజ్యంలో ఉండేవి. ఆ పక్క భద్రాచలం బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉండేది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే.

1871లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. కనిపెట్టాడు అని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆ అడవిలో తరతరాలుగా తిరిగిన మనోళ్ళకి ఆ నల్ల రాయి కొత్తదా? ఇల్లందుని ఇప్పటికీ బొగ్గుట్ట అనే ముసలోళ్ళు ఉన్నారు. సరే, బొగ్గు తీయాలంటే రైలు కావాలి. రైలు వేయడానికి లండన్‌లో పెట్టుబడి పెట్టేవాళ్ళు కావాలి. వాళ్ళు ఊరికే రారు కదా. అందుకని నిజాం ప్రభుత్వం 1883లో ఒప్పందం చేసుకుంది. కంపెనీ పెట్టిన పెట్టుబడి మీద 20 ఏళ్ళ పాటు ఏటా 5 శాతం రాబడికి పూచీ ఇచ్చింది. లాభం అంత రాకపోతే మిగతాది ఖజానా కడుతుంది. ఆ కంపెనీ పేరులోనే ఆ పూచీ ఉంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఖజానా నిండేది రైతులు కట్టే శిస్తుతో. అంటే నష్టభయం రైతుది, రాబడి లండన్‌లో వాటాలు కొన్నవాళ్ళది.

ఇక్కడ ఒక సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ రైలు ఒప్పందం షరతులు ఏందో జనానికి చెప్పండి అని 1883లో హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్ళు గట్టిగా అడిగారు. అందులో ముందున్నవాడు అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు వాళ్ళ నాన్న. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడా ఉన్నాడు. చాందా రైల్వే ఆందోళన అని దాన్ని పిలుస్తారు. ప్రభుత్వం అఘోరనాథ్‌ని ఉద్యోగం నుంచి ఆపేసి హైదరాబాద్ రాజ్యం నుంచే పంపించేసింది. రైలు వద్దు అన్నందుకు కాదు, ఒప్పందం కాగితం చూపించమన్నందుకు.

తర్వాత 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కాయి. ఆ వ్యవహారంలో గోల్‌మాల్ జరిగిందని పెద్ద గొడవ అయ్యింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ కూడా చేసింది. నిజాం తరఫున బేరం నడిపిన అబ్దుల్ హక్ పదవి పోయింది. అంత పెద్ద విచారణలో తేల్చింది ఎవరి షేర్లు ఎవరు ఎంతకి అమ్మారు అన్నది. ఇల్లందు అడవిలో ఉన్న కోయవాళ్ళకి ఏం దక్కాలి అన్నది అక్కడ లెక్కలోనే లేదు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయ్యింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది.

స్వతంత్రం వచ్చాక

1960లలో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ వచ్చింది. 1979లో సారపాకలో పేపర్ బోర్డు మిల్లు పని మొదలుపెట్టింది. తర్వాత అశ్వాపురంలో భారజల కర్మాగారం, మొన్న మొన్న మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ వచ్చాయి. ఇన్ని వచ్చాయి. ఏజెన్సీకి పరిశ్రమ రాలేదు అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

ఆ రోజుల్లో రాయితీకి ఒక కొత్త పేరు వచ్చింది: వెనుకబడిన ప్రాంతం. 1974లో ఆదాయపు పన్ను చట్టంలో 80హెచ్‌హెచ్ అనే సెక్షన్ చేర్చారు. ప్రభుత్వం గుర్తించిన వెనుకబడిన ప్రాంతంలో ఫ్యాక్టరీ పెడితే లాభంలో 20 శాతం మీద 10 ఏళ్ళు పన్ను ఉండేది కాదు. ఉద్దేశం మంచిదే, పరిశ్రమ పట్నాల్లోనే పోగుపడకుండా పల్లెలకి రావాలని. కానీ గమనించండి. వెనుకబాటు అక్కడి జనానిది, మినహాయింపు కంపెనీది. స్థానికులకి ఇన్ని ఉద్యోగాలు ఇస్తేనే ఈ మినహాయింపు అనే షరతు ఆ సెక్షన్‌లో లేదు.

కాగితం మీదికి మన పేరు ఎక్కిన రోజు

1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా గుహల వైపు, గిరిజనుల భూములని గనుల కంపెనీలకి లీజుకి ఇచ్చిన కేసు అది. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదని చెప్పే 1/70 ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని కోర్టు చెప్పింది. అంతేకాదు, లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది. మన నేల నుంచి వచ్చే లాభంలో మనకి ఇంత శాతం అని దేశంలో అత్యున్నత కోర్టు అంకె వేసి రాయడం చిన్న విషయం కాదు.

2015లో కేంద్రం గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టింది. గని ఉన్న చోట ప్రభావితమైన ఊళ్ళ కోసం, రాయల్టీతో పాటు అదనంగా కంపెనీ కట్టాల్సిన డబ్బు అది. ఎక్కడ ఖర్చు పెడుతున్నారు అని ఇవాళ మనం అడగగలుగుతున్నామంటే చట్టంలో రాసి ఉంది కాబట్టే. రాసి లేనిదాన్ని అడగడానికి పోతే దరఖాస్తు కూడా తీసుకోరు.

ఈ 140 ఏళ్ళ చరిత్రలో నాకు కనపడింది ఇదొక్కటే: రాయితీ ఇచ్చే రోజున కాగితం మీద మన వాటా రాసి ఉంటేనే తర్వాత ఏదైనా దక్కింది. రాయకపోతే దక్కలేదు.

ఇప్పుడు డేటా సెంటర్లు

మన ఫోన్‌లో వీడియోలు, ఫొటోలు, ఈ పోస్టు కూడా ఎక్కడో ఒక పెద్ద బిల్డింగ్‌లో వేల కంప్యూటర్లలో ఉంటాయి. అదే డేటా సెంటర్. ఏఐ వచ్చాక ఇంకా బలమైన కంప్యూటర్లు కావాల్సి వచ్చింది. వాటికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. వేడెక్కకుండా చల్లబరచాలి, దానికి చాలా చోట్ల నీళ్ళు కావాలి.

తెలంగాణ 2016లోనే డేటా సెంటర్లకి ప్రత్యేక విధానం ప్రకటించింది. 2022 నవంబరులో హైదరాబాద్ చుట్టుపక్కల అమెజాన్ కేంద్రాలు మొదలయ్యాయి. అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో డేటా సెంటర్లకి రోడ్లు, రైల్వేల లాగా మౌలిక వసతుల హోదా ఇచ్చారు. అప్పు సులువుగా, తక్కువ వడ్డీకి దొరకడానికి అది పనికొస్తుంది.

2025 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో గూగుల్ ఒప్పందం కుదిరింది. విశాఖలో ఒక గిగావాట్ స్థాయి కేంద్రం, 5 ఏళ్ళలో 15 బిలియన్ డాలర్లు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలో స్థలాలు. పత్రికల్లో వచ్చిన జీవో వివరాల ప్రకారం భూమి ధరలో 25 శాతం తగ్గింపు, నీటి చార్జీలో 10 ఏళ్ళు 25 శాతం తగ్గింపు, కరెంటు మీద యూనిట్‌కి రూపాయి చొప్పున 15 ఏళ్ళు, ఇంకా రాష్ట్ర జీఎస్టీ వాపసు ఉన్నాయి. అన్నీ కలిపి సుమారు 22 వేల కోట్లు. ఇంత ఇస్తారా అని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ప్రశ్నించారు. ఆంధ్ర మంత్రి నారా లోకేశ్ దానికి గట్టిగా బదులు చెప్పారు. రెండు రాష్ట్రాలు పోటీ పడితే కంపెనీకి బేరం కుదురుతుంది. 1883లో లండన్‌లో కుదిరిన బేరం లాంటిదే ఇది.

అది విశాఖ కదా, మనకేం సంబంధం అంటారా? రెండు సంబంధాలు ఉన్నాయి.

మొదటిది కరెంటు. ఒక గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ నాలుగు యూనిట్లు కలిపితే 1,080 మెగావాట్లు. అంటే ఒక్క కేంద్రానికి దాదాపు మన భద్రాద్రి థర్మల్ అంత. మన కరెంటు విశాఖకి పోతుందని కాదు నేను చెప్పేది. హైదరాబాద్ చుట్టూ ఇలాంటివి పెరిగేకొద్దీ తెలంగాణకి కరెంటు కావాలి, బొగ్గు, బూడిద మాత్రం పాల్వంచ, మణుగూరు వైపే ఉంటాయి.

రెండోది నీళ్ళు. విశాఖ పరిశ్రమలకి, తాగునీటికి పోలవరం నుంచి 23.44 టీఎంసీలు అని ప్రాజెక్టు లెక్కలోనే ఉంది. ఆ పోలవరం కోసమే 2014లో కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలని మన జిల్లా నుంచి తీసి ఆంధ్రలో కలిపారు. అక్కడ మనకి మేనమామలు ఉన్నారు, అత్తలు ఉన్నారు. నీటి చార్జీలో తగ్గింపు కంపెనీకి దొరికింది. ఆ నీటి కోసం ఊరు ఖాళీ చేసేవాళ్ళ పేరు ఆ జీవోలో ఎందుకు ఉంటుంది?

మన చట్టం బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. 1/70 మన భూమిని కాపాడింది. కానీ తర్లువాడ ఏజెన్సీలో లేదు, హైదరాబాద్ ఏజెన్సీలో లేదు. సమత తీర్పులో చెప్పిన 20 శాతం అక్కడ వర్తించదు. ఇప్పుడు కంపెనీకి మన భూమి అక్కర్లేదు. బొగ్గు కరెంటుగా మారి తీగ మీద పోతుంది, గోదావరి కాలువలో పోతుంది.

ఉద్యోగాల సంగతి

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం డేటా సెంటర్లకి పెద్ద అడ్డా. అక్కడి శాసనసభకి లెక్కలు చూసే సంస్థ 2024 డిసెంబరులో రిపోర్టు ఇచ్చింది. ఒక మామూలు సైజు కేంద్రం కట్టేటప్పుడు 1,500 మంది దాకా పని చేస్తారు, కట్టడం అయిపోయాక సుమారు 50 మంది. 2023 ఆర్థిక సంవత్సరంలో ఆ రాష్ట్రం వదులుకున్న అమ్మకం పన్ను 92.8 కోట్ల డాలర్లు.

అదే రిపోర్టులో ఇంకో సంగతి ఉంది, అది కూడా చెప్పాలి. అక్కడ లౌడన్ అనే కౌంటీ స్థానిక పన్ను వదులుకోలేదు. కంప్యూటర్ల మీద కూడా పన్ను వేసింది. దాని ఆదాయంలో దాదాపు మూడో వంతు డేటా సెంటర్ల నుంచే వస్తోంది, బడులు దాంతో నడుస్తున్నాయి. అంటే డేటా సెంటర్ చెడ్డదని కాదు. స్థానిక ప్రభుత్వం పన్ను ఎంత ఉంచుకుంది అన్నదాని మీద ఉంటుంది.

మనం ఏం చేయాలి

2025 జనవరిలో ఆంధ్ర స్పీకర్ అయ్యన్నపాత్రుడు టూరిజం కోసం 1/70 మార్చాలన్నట్టు మాట్లాడితే ఫిబ్రవరిలో అక్కడి ఏజెన్సీ రెండు రోజులు బంద్ అయ్యింది. మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. భూమి విషయంలో మనోళ్ళు అంత గట్టిగా ఉన్నారు. ఇప్పుడు రాయితీ విషయంలో కూడా అలా ఉండాలి. నాకు తోచినవి నాలుగు అడగాలి:

1. రాయితీ జీవో మొత్తం తెలుగులో బయట పెట్టండి. ఎంత, ఎన్నేళ్ళు, ఏ షరతు మీద?
2. ఈ కరెంటు ఎక్కడి నుంచి? బొగ్గు ఊళ్ళకి, బూడిద ఊళ్ళకి అందులో వాటా ఎంత?
3. నీళ్ళు ఎక్కడి నుంచి? ముంపు మండలాల పునరావాసం పూర్తి కాకముందే తగ్గింపు ధరకి నీళ్ళు ఎలా ఇస్తారు?
4. ఉద్యోగాల్లో, శిక్షణలో ఏజెన్సీ ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లలకి ఎన్ని సీట్లు? మాట కాదు, జీవోలో అంకె.

మనలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాళ్ళు, ఎలక్ట్రికల్ డిప్లొమా వాళ్ళు చాలామంది ఉన్నారు. డేటా సెంటర్‌లో పని మీకు రావాలని నాకూ ఉంది. నేను మా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోణ్ణి, ఉద్యోగం విలువ నాకు తెలుసు. కాబట్టి కంపెనీ వద్దు అని కాదు ఈ పోస్టు. ఆ రోజు అఘోరనాథ్ అడిగిందే మనం అడుగుదాం, కాగితం చూపించమని. ఆయన్ని రాజ్యం నుంచి పంపించేశారు. మనకి 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు ఉంది, పెసా కింద గ్రామసభ ఉంది.

జీవోలు చదవడం వచ్చినవాళ్ళు, సమాచార హక్కు దరఖాస్తు రాసిన అనుభవం ఉన్నవాళ్ళు కింద మీ మండలం పేరు రాయండి. ముంపు మండలాల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీ ఊరి పునరావాసం ఎంతవరకు వచ్చిందో రాయండి. అన్నీ కలిపి ఒక దరఖాస్తు తయారు చేద్దాం.

జై ఆదివాసీ!