బిలాస్‌పూర్ రైల్వే కార్యాలయాల్లో కాగితం

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి ఆసన్సోల్ వైపు వేసిన ప్రధాన మార్గాన్ని 1891లో సరుకుల రవాణాకు తెరవడంతో, కట్నీ నుంచి వచ్చే దారి కూడా కలిసే అర్పా నదీ తీరపు బిలాస్‌పూర్ రైల్వే పట్టణంగా ఎదిగింది. కంపెనీ కేంద్రం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయి ఛత్తీస్‌గఢ్ మైదానం ఉత్తరాంధ్ర తీరంతో కలిసింది. ఖరగ్‌పూర్‌లో లాగే ఇక్కడ కూడా రైల్వే కొలువుల చుట్టూ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ కొలువుల్లో గణనీయమైన భాగం కాగితంతో పనిచేసేవే.

ఆనాటి కార్యాలయంలో అధికారం అచ్చయిన ఫారానిది, దాని మీద ఉన్న వరుస సంఖ్యది. 19వ శతాబ్దంలో థామస్ ఎడ్మండ్‌సన్ రూపొందించిన చిన్న అట్ట టికెట్టు ముందే అచ్చయి వచ్చేది; గుమాస్తా దాన్ని తేదీ యంత్రంలో నొక్కి ఇచ్చేవాడు, రాత్రికి మిగిలిన సంఖ్యను బట్టి డబ్బు లెక్క తేలేది. సరుకు అప్పగించినట్టు ఇచ్చే రైల్వే రసీదును కార్బన్ కాగితాలు పెట్టి పలు ప్రతులుగా రాసేవారు: ఒకటి స్టేషన్ దస్త్రానికి, ఒకటి లెక్కల శాఖకు, ఒకటి గమ్యస్థానానికి, అసలు రసీదు సరుకు పంపినవారికి. కార్బన్ చాలనంత మందికి ఉత్తర్వు పంపాలంటే సైక్లోస్టైల్ ఉండేది. మైనం పూసిన స్టెన్సిల్ మీద రిబ్బన్ లేకుండా టైపు చేస్తే అక్షరాలున్న మేర పూత తొలగి, అందులోంచి సిరా కిందికి దిగి ప్రతులు వచ్చేవి. ఈ పనిలో వేళ్ళకు అంటిన నల్లసిరాను చరిత్ర గ్రంథాలు పట్టించుకోలేదు గానీ, శాఖల మధ్య క్రమశిక్షణను నిలిపింది అదే.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలై, 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన క్రిస్ ఏర్పడ్డాక వచ్చిన మార్పు ముద్రణను చంపలేదు, దాని స్థలాన్ని మార్చింది. టికెట్టు ప్రెస్సులో కాక కిటికీ దగ్గరే పూర్తి కాసాగింది. సన్నని సూదులు రిబ్బన్‌ను కొట్టి చుక్కలతో అక్షరం కూర్చే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కౌంటర్లలో చాలాకాలం నిలిచిందంటే అది చవక కావడమే కారణం కాదు. ఆ దెబ్బకు కింది ప్రతుల మీద కూడా అచ్చు పడుతుంది, కార్బన్ అలవాటు ఉన్న కార్యాలయానికి అంతకన్నా ఏం కావాలి? కాంతితో డ్రమ్ము మీద విద్యుదావేశపు బొమ్మ గీసి, టోనర్ పొడిని వేడితో కాగితానికి అంటించే లేజర్ ప్రింటరు ఆ పని చేయలేదు. కానీ మీట నొక్కితే ఎన్ని పుటలైనా ఇస్తుంది కనుక, కాగితం తగ్గుతుందని తెచ్చిన యంత్రమే దాన్ని పెంచింది.

తగ్గుదలకు దారి తీసింది యంత్రం కన్నా చట్టమే అనాలి. ఎలక్ట్రానిక్ పత్రానికి చెల్లుబాటు కల్పించిన సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరులో అమలులోకి వచ్చింది. మరుసటి నెలలోనే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ పనిచేయసాగింది. ఇదే ఊళ్ళో కేంద్ర కార్యాలయం ఉన్న సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ తవ్వే కోర్బా బొగ్గే ఈ జోన్‌కు ప్రధాన సరుకు. అందువల్ల రైల్వే రసీదు ఎలక్ట్రానిక్ రూపంలో నేరుగా వినియోగదారుకు చేరే ఏర్పాటు ఇక్కడ చిన్న విషయం కాదు. 2018 మార్చి నుంచి ప్రధాన స్టేషన్లలో పెట్టెలకు రిజర్వేషన్ చార్టులు అంటించడం ఆపారు. ఈ-ఆఫీసు వచ్చి దస్త్రం బల్ల మీంచి తెర మీదికి మారింది. 2019లో రైల్వే బోర్డు సికింద్రాబాద్ సహా మిగిలిన ఐదు సొంత ముద్రణాలయాలను మూసివేయాలని నిర్ణయించింది.

అయినా, దారిలో ఎక్కడ వేగం తగ్గించాలో లోకో పైలట్‌కు చెప్పే హెచ్చరిక ఉత్తర్వును, అంటే టి/409 ఫారాన్ని, ఇప్పటికీ సాధారణంగా కాగితం మీదే ఇచ్చి సంతకం తీసుకుంటారు.