ఒక వరుస, అందులోని మాటలు

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ జన్యు డేటాబేస్‌ను ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. కోతుల జన్యువులు వెతికేవారికి అక్కడ పదేపదే ఎదురయ్యే వరుస ఇది; అంకెలు వదిలేస్తున్నాను:

“ఎక్స్‌ఎం – ప్రిడిక్టెడ్: మకాకా ములాటా అన్‌క్యారెక్టరైజ్డ్ ఎల్ఓసీ, ఎంఆర్‌ఎన్‌ఏ”

ఎక్స్‌ఎం: కంప్యూటర్ అల్లిన నమూనా అని గుర్తు. తగిన ఆధారం ఉన్నదానికి ఎన్‌ఎం అని పెడతారు. మనిషి జన్యువులకు ఎన్‌ఎంలు దండిగా ఉంటాయి, కోతులకు ఎక్కువగా ఎక్స్‌ఎంలే.

ప్రిడిక్టెడ్: ఊహే, కానీ ఉత్త ఊహ కాదు. ఆర్‌ఎన్‌ఏ ముక్కలనూ, ఇతర జీవుల ప్రొటీన్లనూ జన్యుపటం మీద పరిచి, జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రోగ్రాం గీత గీస్తుంది. నన్ను కలవరపెట్టేది ఇక్కడే. మనిషి ప్రొటీన్‌ను అచ్చుగా పెట్టి కోతిలో వెతికితే, మనిషిని పోలినవే సులువుగా దొరుకుతాయి. కోతికే సొంతమైనది ఏదైనా ఉంటే అది జారిపోయే అవకాశం ఎక్కువ.

మకాకా ములాటా: రీసస్ కోతి. తిరుమల మెట్ల దారిలో చేతిలో పండు లాక్కునేది ఇది కాదు, దాని దాయాది మకాకా రేడియేటా. 2007లో వెలువడిన రీసస్ జన్యుపటానికి మూలం భారత సంతతికి చెందిన ఒక ఆడకోతి. జాతి పేరు చూడగానే జాతి మొత్తం కళ్ల ముందుకు వస్తుంది. పటంలో ఉన్నది ప్రధానంగా ఒక్క ప్రాణి.

అన్‌క్యారెక్టరైజ్డ్: దాని పని ఇంకా తెలియదు. పనికిరానిదని కాదు. మనిషిలో సీ9ఓఆర్‌ఎఫ్72 అనేది పేరు కూడా కాదు, తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఫలానా నంబరు అన్న చిరునామా. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుకు ముఖ్యమైన వంశపారంపర్య కారణం అందులోనే ఉందని 2011లో తేలింది. ఆ చిరునామాయే ఇప్పటికీ పేరుగా నిలిచింది.

ఎల్ఓసీ: పేరు పెట్టలేనప్పుడు వేసే తాత్కాలిక గుర్తు. ఒకే జన్యువుకు చింపాంజీలో ఒక నంబరు, గొరిల్లాలో ఇంకొకటి ఉండవచ్చు. కాబట్టి పేరుతో వెతికి లాభం లేదు, అక్షరాల వరుసనే బ్లాస్ట్ అనే పోలిక ప్రోగ్రాంలో వేసి పోల్చాలి. పోల్చేటప్పుడు ఒక అక్షరం తక్కువైందనుకోండి. మూడేసి అక్షరాలుగా చదివే రాతలో అక్కడినుంచి ప్రతి మాటా మారిపోతుంది, జన్యువు చచ్చినట్టు కనిపిస్తుంది. అది నిజంగా కోతిలో జరిగిన మార్పా, యంత్రం చదవడంలో చేసిన తప్పా? దగ్గరి బంధువుల్లోనూ అదే అక్షరం పోయిందో లేదో చూడాలి. యంత్రం చదివిన ముడి ముక్కలు, అంటే రీడ్‌లు, తెరిచి అక్కడ ఎన్ని రీడ్‌లు ఏమంటున్నాయో లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ పరిశోధన అంటే నా దృష్టిలో ఇదే.

ఎంఆర్‌ఎన్‌ఏ: జన్యువు నుంచి తీసిన నకలు రూపం. ఇక్కడ అదీ అంచనాయే.

వరుసలో కనిపించని మాట ఇంకొకటుంది: ‘లేదు’. వెతికితే దొరకనిదల్లా లేనట్టు కాదు. నాచ్2ఎన్‌ఎల్ జన్యువులకు మెదడు పెరుగుదలతో ఉన్న ముడి 2018లో బయటపడింది. అవి నాచ్2 అనే జన్యువులో ఒక భాగానికి దాదాపు అచ్చు నకళ్లు కావడంతో పాత మానవ జన్యుపటంలోనే ఆ చోటు తప్పుగా అతుక్కుంది. మనిషి పటమే అలా ఉంటే కోతులది చెప్పాలా! పరిస్థితి మెరుగవుతోంది: 2025లో చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్, సియామాంగ్‌ల పటాలు దాదాపు ఖాళీలు లేకుండా వచ్చాయి. 2023లో 233 ప్రైమేట్ జాతుల డీఎన్‌ఏ చదివిన పెద్ద ప్రయత్నంలో హైదరాబాద్ సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది. అయితే అందులో చాలా జాతులను దగ్గరి బంధువు పటం మీద పరిచే చదివారు. బంధువులో లేని జన్యువుకు ఆ పటం మీద చోటే ఉండదు.