రంగం ఎక్కడ? తెలుగునాట ప్రదర్శనస్థల నిర్ణయం – ఒక చారిత్రక పరిశీలన

నాటకాన్ని దృశ్యకావ్యంగా గుర్తించిన సంప్రదాయంలో ఇతివృత్తం, నాయకుడు, రసం గురించి విస్తారమైన చర్చ జరిగింది. ప్రదర్శన జరిగే చోటును గురించిన చర్చ మాత్రం తెలుగు నాటక చరిత్రలలో ప్రాసంగికంగానే కనిపిస్తుంది. ఫలానా నాటకం ఫలానా ఊరిలో ఆడారన్న సమాచారం దొరుకుతుంది కాని, ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారు, ఆ ఎంపికవల్ల ఎవరు చూడగలిగారు, ఎవరు చూడలేకపోయారు అన్న ప్రశ్నలు వెనుకబడిపోయాయి. స్థలనిర్ణయమంటే ప్రేక్షకనిర్ణయమేనన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. తెలుగునాట ఈ నిర్ణయం రెండు మార్గాలలో సాగింది. జనమున్న చోటికి రంగం వెళ్లడం ఒక మార్గం; రంగమున్న చోటికి జనం రావడం మరొకటి. ఈ రెండింటి మధ్య జరిగిన మార్పులను ప్రాచీన శాస్త్రాల నుండి ఇరవయ్యో శతాబ్ది వరకు స్థూలంగా పరిశీలించడం దీని ఉద్దేశం.

శాస్త్రాలు చెప్పినది, చెప్పనిది

భరతుని నాట్యశాస్త్రంలో రెండవ అధ్యాయం నాట్యమండప నిర్మాణానికి సంబంధించినది. నేల సమంగా, స్థిరంగా, గట్టిగా ఉండాలి. నల్లని లేదా గౌరవర్ణపు మన్ను కావాలి. ముందుగా నాగలితో దున్ని ఎముకలను, మేకులను, పుర్రెలను, గడ్డి దుబ్బులను ఏరివేయాలి. పుష్యమీ నక్షత్రంలో తెల్లని దారంతో కొలవాలి. కొలిచేటప్పుడు దారం సగంలో తెగితే స్వామికి మరణమని, పావువంతులో తెగితే ప్రయోక్తకు నాశమని హెచ్చరిక. మండపాలు వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అని మూడు విధాలు. మానవులకు తగినది 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల వికృష్ట మధ్యమం. హస్తాన్ని అడుగున్నరగా లెక్కిస్తే ఇది సుమారు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అందులో సగం రంగానికి, నేపథ్యగృహానికి పోగా ప్రేక్షకులకు మిగిలేది 48 అడుగుల చదరం.

ఈ పరిమితికి భరతుడు చెప్పిన కారణం ముఖ్యమైనది. మండపం అంతకంటె పెద్దదైతే పాఠ్యం స్పష్టంగా వినిపించదు; ముఖంలోని భావం కనిపించదు. మండపం కొండగుహ ఆకారంలో, చిన్న గవాక్షాలతో, గాలి చొరబడకుండా ఉంటే ధ్వని గంభీరంగా నిలుస్తుందని కూడా ఆయన చెప్పాడు. అంటే కొలతను నిర్ణయించినవి ప్రేక్షకుడి చెవి, కన్ను. అదే అధ్యాయంలో శంకుస్థాపన వేళ పాషండులను, కాషాయధారులను, వికలాంగులను దూరంగా పంపివేయాలన్న విధి ఉంది. నాలుగు వర్ణాల పేరిట నాలుగు స్తంభాలు నిలపాలన్న విధి కూడా ఉంది. రంగం నేలమీదికి రాకముందే దాని సామాజిక హద్దులు ఏర్పడ్డాయన్నమాట.

అయితే ఇంత సూక్ష్మంగా నేలను పరీక్షించిన ఈ అధ్యాయం ఆ నేల నగరంలో ఏ భాగాన ఉండాలన్న విషయాన్ని పట్టించుకోలేదు. ఆ ప్రశ్నకు పాలకుని పక్షాన జవాబిచ్చినది కౌటిల్యుని అర్థశాస్త్రం. రెండవ అధికరణంలో జనపదనివేశాన్ని వివరిస్తూ, పల్లెలలో విహారశాలలు ఉండరాదని, నటులు, నర్తకులు, గాయకులు, కథకులు అక్కడి వారి పనులకు విఘ్నం కలిగించరాదని కౌటిల్యుడు విధించాడు. వ్యవసాయం చెడితే ఖజానా చెడుతుందన్నది అందులోని ఆలోచన. భరతునికి స్థలం శ్రవణానికి సంబంధించిన సమస్య. కౌటిల్యునికి అది పరిపాలన సమస్య. తరువాతి చరిత్రలో ఈ రెండు దృష్టులూ మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

విజయపురి రంగం, దాని స్థానభ్రంశం

తెలుగు నేలపై బయటపడిన ప్రాచీన ప్రేక్షకరంగాలలో ప్రసిద్ధమైనది నాగార్జునకొండ లోయలోనిది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దులకు చెందిన ఈ కట్టడంలో నడుమ దీర్ఘచతురస్రాకారపు ఆవరణ, నాలుగు వైపులా మెట్ల వరుసలు ఉన్నాయి. కొండ అంచున, హారీతీ ఆలయానికి చేరువలో దీనిని నిర్మించారు. ఇక్కడ మల్లయుద్ధాలు జరిగాయా, నృత్యగీతాలు జరిగాయా అన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. స్థలం ఎంపికలోని వివేకం మాత్రం స్పష్టం. శిశురక్షకురాలైన హారీతి దర్శనానికి వచ్చే జనం అక్కడ సహజంగా చేరుతారు. పల్లంలోని ఆవరణ, చుట్టూ లేచిన మెట్లు ధ్వని చెదిరిపోకుండా కాపాడతాయి. నగరపు జనప్రవాహం, నేల స్వభావం రెండూ ఇక్కడ కలిశాయి.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునగకముందే 1954 నుండి 1960 వరకు విస్తృతమైన తవ్వకాలు సాగాయి. వెలికివచ్చిన కట్టడాలలో కొన్నింటిని వేరుచోట పునర్నిర్మించారు. ఈ రంగాన్ని అనుపు వద్ద నిలబెట్టారు. రూపం దక్కింది. నడుమ నిలిచి మాట్లాడితే పైమెట్టుదాకా వినిపిస్తుందని నేటికీ సందర్శకులు చెప్పుకుంటారు. కాని నగరం, వీథులు, ఆలయానికి వచ్చే జనం వెంట రాలేదు. ప్రదర్శనస్థలానికి కట్టడం ఎంత ముఖ్యమో పరిసరం అంతే ముఖ్యమని అనుపులోని ఈ మెట్లు తెలుపుతాయి.

గుడి, జాతర, వీథి

మధ్యయుగాలలో ప్రదర్శన ప్రధానంగా రెండు చోట్ల స్థిరపడింది. ఒకటి ఆలయం. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన రామప్ప దేవాలయపు మహామండపం నడుమనున్న రంగవేదిక ఇందుకు సాక్ష్యం. ఇక్కడి నృత్యానికి ప్రథమ ప్రేక్షకుడు దేవుడు. కనుక గర్భాలయానికి ఎదురుగా రంగం నిలిచింది. మండపంలోనికి ప్రవేశమున్నవారే తరువాతి ప్రేక్షకులు.

రెండవది బహిరంగప్రదేశం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసందోహాన్ని, అక్కడి ఆటపాటలను వర్ణించాడు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు వీథులలో తిరిగే మంచనశర్మ, టిట్టిభసెట్టి కోడిపందేలను, పొట్టేళ్ల పోట్లాటలను, వీరగాథాగానాన్ని దారి పొడుగునా చూస్తారు. ఈ రెండు కావ్యాలలోనూ వినోదానికి ప్రత్యేకమైన భవనం కనిపించదు. జనం ఏ కారణం చేతనో కూడిన చోటే రంగమవుతుంది. వీథిభాగవతం, వీథినాటకం అన్న పేర్లలోనే స్థలం ప్రక్రియకు విశేషణమై కూర్చుంది. దివిటీల వెలుగులో, నాలుగు దారులు కలిసే చోట, పొలం పనులు ముగిసిన కాలంలో ఆ ఆటలు సాగాయి. పాత్రప్రవేశ దరువులు, హాస్యగాని పునరుక్తులు, గొంతెత్తి పాడే తీరు బహిరంగస్థలానికి తగినట్లుగా రూపుదిద్దుకున్నవే. వెనుక నిలిచినవారికి, ఆలస్యంగా వచ్చినవారికి కూడా కథ అందాలి కదా.

తంజావూరు నాయకరాజుల కాలంలో యక్షగానం రాజాస్థానానికి చేరినప్పుడు ప్రేక్షకుడు మారాడు. విజయరాఘవనాయకుని కాలపు రచనలలోని శృంగారచమత్కృతి ఆస్థానమండపాన్ని ఉద్దేశించినది. ఒకే ప్రక్రియ రెండు స్థలాలలో రెండు స్వభావాలను పొందడం ఇక్కడ గమనింపదగినది.

కంచె, టిక్కెట్టు, చట్టం

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో స్థలం భావనే మారింది. కలకత్తా రంగస్థలంపై వెలువడిన ప్రభుత్వవిమర్శ నేపథ్యంలో 1876లో నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. బహిరంగస్థలంలో జరిగే ఆక్షేపణీయ ప్రదర్శనలను నిషేధించే అధికారం దానివల్ల ప్రభుత్వానికి లభించింది. డబ్బు తీసుకొని ప్రజలను లోనికి అనుమతించే ఏ భవనాన్నైనా, ఆవరణనైనా బహిరంగస్థలంగానే భావించాలని ఆ చట్టం వివరించింది. మతపరమైన పండుగలలో జరిగే జాత్రలకు, అటువంటి ప్రదర్శనలకు మాత్రం చట్టం వర్తించదని మినహాయించింది. జాతరలోని ఆట ఒక వైపు, టిక్కెట్టు కొని చూసే నాటకం మరొక వైపు నిలిచాయి. అంతవరకు జనవ్యవహారంలో ఉన్న భేదం చట్టంలోకి ఎక్కింది.

తెలుగునాట ఆధునిక నాటకప్రదర్శన ఈ సంధికాలంలోనే మొదలైంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటకసమాజం కోస్తా పట్టణాలలో పర్యటించి రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చింది. వారు వెళ్లిన తరువాత వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత నాటకం ఆడించారు. తెలుగు ఆధునిక రంగస్థలం మరొకరు విడిచిపోయిన తాత్కాలికపు నీడలో ఆరంభమైందన్నది కేవలం యాదృచ్ఛిక వివరం కాదు. సొంత నాటకశాల లేని సమాజాలకు పాఠశాల, పురమందిరం, జమీందారు ఆవరణ శరణ్యమయ్యాయి. గురజాడ కన్యాశుల్కాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించినది ఆనందగజపతి ఆదరణ పొందిన జగన్నాథవిలాసినీ సభ. బళ్లారి నుండి మద్రాసు వెళ్లిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల బృందం ప్రదర్శనలు చూసిన ప్రేరణతోనే పమ్మళ్ సంబంధ మొదలియారు 1891లో సుగుణవిలాససభను స్థాపించారు. ఆ సభ నాటకాలకు నెలవైన విక్టోరియా పబ్లిక్ హాలు మద్రాసు సెంట్రల్ రైలుస్టేషను పక్కనే ఉంది. ఆలయం స్థానంలో రైలుస్టేషను, తిరునాళ్ల స్థానంలో ఆదివారపు సెలవు జనాన్ని చేర్చే శక్తులయ్యాయి.

కప్పుగల శాలవల్ల మేలు జరిగింది. దీపాలు, తెరలు అమరాయి. మెల్లని సంభాషణకు, గద్యానికి అవకాశం కలిగింది. వీథిలో గిరీశం మాటల చమత్కారం నిలవడం కష్టం. నష్టం కూడా జరిగింది. టిక్కెట్టు కొనలేనివాడు, పట్టణానికి దూరంగా ఉన్నవాడు, రాత్రివేళ ఊరు దాటి రాలేని స్త్రీ కంచెకు అవతల మిగిలారు.

సంచారశాల, బహిరంగవేదిక

ఈ చిక్కుకు ఆచరణలో జవాబు కనుగొన్నవారు సురభి కళాకారులు. తోలుబొమ్మలాట సంప్రదాయానికి చెందిన వనారస కుటుంబంవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకం ఆడారు. ఆ తరువాత విస్తరించిన సురభి సమాజాలు నాటకశాలనే వెంట తీసుకొని తిరిగాయి. వెదుళ్లు, రేకులు, తెరలు బండ్లమీద వచ్చేవి. ఒక ఊరి మైదానంలో శాల లేచేది. ఆదరణ తగ్గగానే మరో ఊరికి కదిలేది. టిక్కెట్టు, తెర, దీపం పట్టణపు శాలవి. జనమున్న చోటికి వెళ్లడం వీథినాటకానిది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించడం, కుటుంబాలు శాల వెనుకే నివసించడం ఈ సంచారంతో ముడిపడిన విషయాలు. ప్రతి మకాంలోనూ నేల చదును, నీటివసతి, దారి, పంటకాలం చూసుకోవలసి వచ్చింది. భరతుని భూపరీక్ష వారికి నిత్యకృత్యమైంది.

మరొక జవాబు రాజకీయమైనది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీథినాటకాన్ని బుద్ధిపూర్వకంగా చేపట్టింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన మాభూమి నాటకం పల్లెలలో విస్తృతంగా ప్రదర్శితమై, నిషేధానికి కూడా గురైంది. పల్లెలో నటులు ఉండరాదన్న కౌటిల్యుని భయం వేరొక రూపంలో మళ్లీ కనిపించిందని చెప్పవచ్చు. 1929లో తెనాలిలో ఆరంభమైన నాట్యకళాపరిషత్తు ఉద్యమంవల్ల పోటీలు ఊరూరికీ చేరి, చిన్న పట్టణాలలో సైతం నాటకవేదిక అవసరం ఏర్పడింది.

రాజధానిలోని శాలలు

విశ్వకవి శతజయంతి సందర్భంగా 1961లో హైదరాబాదులో రవీంద్రభారతి ప్రారంభమైంది. దీనికి సైఫాబాదు ప్రాంతాన్ని, శాసనసభకు చేరువను ఎంచుకోవడంలో నాటకానికి రాజ్యం గౌరవస్థానమిచ్చిందన్న సూచన ఉంది. నగరం నలుమూలల నుండి బస్సులు చేరే చోటు కావడం దాని బలం. తరువాత నగరం పడమటికి పెరిగింది. మాదాపూర్‌లో శిల్పారామాన్ని ఆనుకొని వెలసిన శిల్పకళావేదికలో సుమారు 2,500 మంది కూర్చోవచ్చు. భరతుని 48 అడుగుల చదరంతో పోలిస్తే ఇది ఊహకందని ప్రమాణం. మైక్రోఫోను చెవికున్న హద్దును తొలగించింది; కంటికున్న హద్దు అలాగే ఉంది. అందుకే అంతటి వేదికలు సంగీతసభలకు, సినీవేడుకలకు ఒదిగినంతగా సూక్ష్మాభినయం గల నాటకానికి ఒదగవు. సంచారం సాగించిన సురభి కుటుంబాలు అనేకం శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడ్డాయి. మైదానాలు కరువైన నగరంలో రేకులశాల నిలిపే చోటు దొరకడమే కష్టమైంది.

ముగింపు

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగునాట శాశ్వత నాటకశాలలు ఆలస్యంగా వచ్చినంతమాత్రాన ప్రదర్శనకళ లోపించిందనడం సరికాదు. జనమున్న చోటికి వెళ్లే పద్ధతి అంతటి బలంగా ఉన్నదని మాత్రమే అది తెలుపుతుంది. రెండవది, స్థలం మారినప్పుడల్లా రచన మారింది; దరువు నుండి గద్యసంభాషణకు జరిగిన ప్రయాణాన్ని వీథి నుండి శాలకు జరిగిన ప్రయాణంతో కలిపి చదవాలి. మూడవది, కొత్త వినోదశాలకు స్థలం ఎంచేటప్పుడు పాలకులు విస్తీర్ణాన్ని, ఆసనాల సంఖ్యను, రాబడిని లెక్కించడం సహజమే. కాని చివరి వరుసలోనివాడికి నటుని ముఖం కనిపిస్తుందా, ఆట ముగిశాక అతడు ఇల్లు చేరగలడా అన్న రెండు ప్రశ్నలు ఆ లెక్కలో చేరకపోతే శాల నిలుస్తుంది, నాటకం నిలవదు. మొదటి ప్రశ్నను భరతుడు వేశాడు. రెండవదానికి సురభివారు శాలనే ప్రేక్షకుడి ఊరికి మోసుకెళ్లి జవాబిచ్చారు.