చెరిపిన పేరు, చెరగని గుర్తు: ప్రాచీన రోమన్ స్మారకాల్లో సామూహిక స్మృతి

రోమ్ నగరంలోని ఫోరమ్‌లో, కాపిటోలిన్ కొండ పాదాన, సెప్టిమియస్ సెవరస్ చక్రవర్తి విజయతోరణం నేటికీ నిలిచి ఉంది. పార్థియన్లపై సాధించిన విజయాలకు గుర్తుగా క్రీ.శ. 203లో దీనిని ప్రతిష్ఠించారు. పైభాగాన ఉన్న శాసనంలో నాలుగో పంక్తి ప్రత్యేకంగా గమనింపదగినది. ఇప్పుడక్కడ 'ఉత్తములు, మహావీరులు అయిన ప్రభువులకు' అని అర్థమిచ్చే పదాలున్నాయి. అయితే కంచు అక్షరాలను రాతికి బిగించడానికి తొలిచిన పాత రంధ్రాలు ఆ పదాలతో పొసగవు. ఆ రంధ్రాల వరుసను బట్టి పండితులు మొదటి పాఠాన్ని పునర్నిర్మించారు. తాళపత్రంలోని శిథిలపాఠాన్ని పూరించే పరిష్కర్త పని వంటిదే ఇదీ. అలా బయటపడినది సెవరస్ చిన్న కుమారుడు గేటా పేరు. క్రీ.శ. 211లో సెవరస్ బ్రిటన్‌లో మరణించగా, ఆ ఏడాది చివరలోనే పెద్ద కుమారుడు కరకల్లా తమ్ముణ్ణి చంపించాడు. అనంతరం సామ్రాజ్యమంతటా శాసనాల నుంచి, చిత్రాల నుంచి గేటాను తొలగించారు.

ఇటువంటి చర్యను ఆధునికులు 'దమ్నాతియో మెమోరియే', అంటే స్మృతి బహిష్కారం, అని వ్యవహరిస్తున్నారు. లాటిన్ పదాలతో కూడినదే అయినా ఈ పారిభాషిక పదం రోమన్లది కాదు. 1689లో జర్మనీలో వెలువడిన ఒక సిద్ధాంత వ్యాసంతో ఇది వాడుకలోకి వచ్చింది. పేరు ఒకటే కావడం వల్ల దాని వెనుక ఒకే చట్టం, ఒకే ఉద్దేశం ఉన్నాయన్న భ్రమ కలుగుతుంది. ఉద్దేశం విస్మృతేనా అన్నది అసలు ప్రశ్న. చెరిపివేత స్మృతిని నాశనం చేయదు, దానికి అవమానాన్ని జోడిస్తుంది అన్న చార్లెస్ హెడ్రిక్ వాదం ఇక్కడ ఉపకరిస్తుంది. రోమన్ ఆధారాలు చాలావరకు ఆ వాదాన్నే సమర్థిస్తున్నాయి.

లాటిన్‌లో స్మారకానికి 'మోనుమెంతుమ్' అని పేరు. దీనికి మూలమైన 'మోనేరె' ధాతువుకు గుర్తుచేయడం, హెచ్చరించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో వాడే 'స్మారకం' మొదటి అర్థానికే పరిమితం. రోమన్ల దృష్టిలో మాత్రం ఖాళీ స్థలం కూడా స్మారకం కాగలదు. స్పూరియస్ మేలియస్ కథ ఇందుకు నిదర్శనం. కరవు కాలంలో ప్రజలకు ధాన్యం పంచి, రాజు కావాలని చూశాడన్న ఆరోపణపై అతడు హతుడయ్యాడు. సంప్రదాయం ప్రకారం ఇది క్రీ.పూ. 439 నాటి ఘటన. అతని ఇంటిని నేలమట్టం చేసి, ఆ చోటును ఖాళీగా ఉంచారనీ, అణచివేసిన దురాశకు అది స్మారకమైందనీ లివీ రాశాడు. ఆ చోటికి 'ఎక్విమేలియమ్' అని పేరు. దోషి ఇల్లు పోయింది, అతని పేరు మాత్రం నగర పటంలో స్థిరపడింది. లివీ ఈ ఘటనకు నాలుగు శతాబ్దాల తరువాతివాడు కనుక, స్థలనామమే కథకు జన్మనిచ్చిందేమో అన్న సందేహానికి తావుంది. అయినా ఆ కథను రోమన్లు నమ్మారన్నదే ఇక్కడ ముఖ్యం. క్రీ.పూ. 58లో క్లోడియస్ పాలటైన్ కొండపై సిసెరో ఇంటిని కూల్చి, అక్కడ స్వేచ్ఛాదేవతను ప్రతిష్ఠించినప్పుడు సిసెరోను బాధించినది ఇంటి నష్టం ఒక్కటే కాదు. మరుసటి ఏడు పురోహిత మండలి ఎదుట చేసిన ప్రసంగంలో అతడు మేలియస్ వంటివారిని పేరెత్తి ప్రస్తావించాడు. తానూ ఆ ద్రోహుల వరుసలో చేరిపోతానన్నది అతని భయం.

ఈ వైరుధ్యం అత్యంత స్పష్టంగా కనిపించేది పీసో వ్యవహారంలో. క్రీ.శ. 19లో టైబీరియస్ దత్తపుత్రుడు జెర్మానికస్ ఆంటియోక్‌లో మరణించాడు. సిరియా పాలకుడు నేయస్ కల్పూర్నియస్ పీసోపై అనుమానం వచ్చింది. విచారణ ముగియకముందే పీసో ప్రాణం తీసుకున్నాడు. క్రీ.శ. 20లో సెనేట్ చేసిన తీర్మానం కంచు ఫలకాలపై స్పెయిన్‌లో దొరికింది. 1996లో అది ప్రచురితమైంది. పీసో కోసం స్త్రీలు శోకించరాదు. వంశపు అంత్యక్రియల్లో పూర్వీకుల ముఖప్రతిమల మధ్య అతని ప్రతిమను మోయరాదు. మార్స్ మైదానంలోని జెర్మానికస్ విగ్రహ పీఠంపై ఉన్న అతని పేరు తొలగించాలి. తండ్రి పేరే పెట్టుకున్న పెద్ద కుమారుడు తన మొదటి పేరు మార్చుకోవాలి. ఇంతవరకు విస్మృతి విధానమే అనిపిస్తుంది. కాని అదే తీర్మానం తన ప్రతిని కంచుపై చెక్కి ప్రతి రాష్ట్రంలోనూ అత్యంత రద్దీగల నగరంలో, జనం ఎక్కువగా తిరిగే చోట నిలపాలనీ, సైనిక శిబిరాల్లో ధ్వజాల పక్కన ఉంచాలనీ ఆదేశించింది. ఒక పీఠం మీద చెరిగిన పేరు అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోట్ల కంచులో నిలిచింది. అధికారిక జాబితాల్లోంచి కూడా పీసో పేరు తీసివేయాలన్న ప్రతిపాదనను టైబీరియస్ తిరస్కరించాడు. మార్క్ ఆంటోని పేరే అక్కడ ఉన్నప్పుడు ఇదెందుకన్నది అతని వాదనగా టాసిటస్ నమోదు చేశాడు.

గేటా విషయం ఇంత సూటిగా లేదు. ఫోరమ్ తోరణంపై గాయం కనబడకుండా స్తుతివాక్యంతో కప్పారు; నేల మీద నిలబడి చదివేవానికి అక్కడ లోపం కనిపించదు. పీసో శిక్షలో సెనేట్ దోషాన్ని ప్రకటించుకుంది. ఇక్కడ హంతకుడే శాసకుడు కనుక మౌనమే అతనికి లాభం. సమకాలికుడు, సెనేట్ సభ్యుడు అయిన కాసియస్ డియో చెప్పిన విషయాలు ఆ మౌనం ఎంత దూరం పాకిందో చూపుతాయి. గేటా బొమ్మ ఉన్న నాణేలను కరకల్లా కరిగించాడు. తమ్ముని విగ్రహాలను మోసిన రాళ్లపై సైతం కోపం చూపాడు. వీలునామాల్లో ఆ పేరు కనబడితే ఆస్తులు జప్తయ్యాయి. సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన మాట మరొకటుంది. లాటిన్ ప్రహసనాల్లో 'గేటా' అన్నది దాసపాత్రలకు పరిపాటిగా పెట్టే పేరు. టెరెన్స్ నాటకాల్లోనూ కనిపిస్తుంది. ప్రహసన కవులు ఆ పేరు వాడటం మానుకున్నారని డియో అంటాడు. మానేయడం కోసమైనా ప్రతి కవీ ఆ పేరును మనసులో ఉంచుకోవలసిందే.

స్మృతి వ్యక్తిలో కాక సమాజపు చట్రంలో నిలుస్తుందని మోరిస్ హాల్బ్వాక్స్ 1925లో ప్రతిపాదించాడు. రాతి మీది ఖాళీ అటువంటి చట్రం లేకుండా మాట్లాడలేదు. చెరిగినది ఎవరి పేరో ఒకరికొకరు చెప్పుకొనే తరం ఉన్నంతవరకే అది అవమానం. ఆ తరం గతించాక ఫోరమ్‌లోని స్తుతివాక్యం స్తుతివాక్యంగానే మిగిలి ఉంటుంది. అందువల్ల చెరిపివేత ఎల్లప్పుడూ స్మృతిని పెంచుతుందనడం అతివ్యాప్తి. పీసో గాథను మోయడానికి కంచు ప్రతులున్నాయి, టాసిటస్ ఉన్నాడు. గేటాకు డియో రచన, అదీ ఈ భాగంలో ప్రధానంగా తరువాతివారి సంక్షేపాల ద్వారా, దక్కింది.

పశువుల అంగడి దగ్గర క్రీ.శ. 204లో నాణేల వర్తకులు, పశువుల వ్యాపారులు కలిసి కట్టిన చిన్న ద్వారంలో మరొక విధం కనిపిస్తుంది. రాజకుటుంబం బలి అర్పిస్తున్నట్టు లోపలి గోడలపై మలచారు. ఒకవైపు సెవరస్, అతని భార్య జూలియా డోమ్నా ఉన్నారు. వారి పక్కన గేటా ఉండవలసిన చోట ఉలితో తొలిచిన రాయి ఉంది. ఎదుటి గోడపై కరకల్లాతో పాటు అతని భార్య ప్లాటిల్లా, మామ ప్లాటియానస్ ఉండేవారు. క్రీ.శ. 205లో ప్లాటియానస్ హతుడయ్యాడు, తరువాత అతని కుమార్తె కూడా. శాసనంలో కొత్త పదాలు చేర్చి సరిపెట్టినవారు శిల్పంలోని ఖాళీలను మాత్రం నింపలేదు. అక్కడ కరకల్లా నేటికీ ఒంటరిగా నిలబడి, పాత్రతో దేవతలకు ధార పోస్తున్నాడు.