వైద్య నిర్ణయాల్లో రోగి భాగస్వామ్యం: చేవెళ్ల, మొయినాబాద్

ఏ చికిత్స చేయాలి, ఎప్పుడు చేయాలి, అసలు అవసరమా అన్నది వైద్యుడూ రోగీ కలిసి తేల్చుకునే పద్ధతి ఇది. ఉన్న దారులు, వాటి లాభనష్టాలు వైద్యుడు చెప్పాలి. తన భయాలు, పనిపాటలు, పెట్టుకోగల ఖర్చు రోగి చెప్పుకోవాలి. 1982లో అమెరికా అధ్యక్షుడి కమిషన్ ఇచ్చిన నివేదికతో ఈ భావనకు ప్రచారం వచ్చింది.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద ముందు మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల వస్తాయి. ఇక్కడైనా, మిగతా తెలంగాణ పల్లెల్లోనైనా డాక్టర్ ముందు వినిపించే జవాబు ఒకటే: "మీరెట్ల చెప్తే అట్ల సార్." నిజానికి సగం నిర్ణయం అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గర, ఇంట్లో పెద్దల మధ్య అయిపోయి ఉంటుంది. మాట్లాడనిది రోగి మాత్రమే.

చట్టమూ చాలాకాలం ఆ ఇంటి పద్ధతినే పాటించింది. భారత వైద్య మండలి 2002 నిబంధనల్లో ఆపరేషన్‌కు ఎవరి అంగీకారం తీసుకోవాలో చెప్పే వరస చూడండి: ముందు భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు, చివరన రోగి! ఈ వరసను తిరగేసింది సమీరా కోహ్లీ కేసు. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తెలివిలో ఉన్నప్పుడు స్వయంగా చెప్పగల మనిషి తరఫున తల్లి అంగీకారం చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక్కడి చరిత్రలో ఇంకో మలుపు పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ. 2003 ఏప్రిల్ 9న చేవెళ్ల నుంచే పాదయాత్ర మొదలుపెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా 2007 ఏప్రిల్‌లో ఈ పథకం తెచ్చారు. పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి గడప దొరికింది. అయితే రోగి, వైద్యుడు అనుకుంటే చాలదు; పథకం నుంచి ముందస్తు అనుమతి రావాలి. ఏది ప్యాకేజీలో ఉందో అదే చికిత్సగా మారే ప్రమాదమూ వచ్చింది.

ఇక ఆపరేషన్ల లెక్కలు చూస్తే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7 శాతం. 2019-21 సర్వేలో రాష్ట్రంలోని కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఇవన్నీ అనవసరమని అంకెలు చెప్పవు. కానీ ఇన్ని ఆపరేషన్లకు ముందు ఎంత మాట నడిచిందన్న అనుమానం న్యాయమైనదే.

మొయినాబాద్ మండలం యెంకేపల్లిలో భాస్కర్ వైద్య కళాశాల ఉంది. చేవెళ్లలోనూ ఒక ప్రైవేటు వైద్య కళాశాల వచ్చింది. వీటితో సహా 2019 నుంచి దేశమంతటా ఎంబీబీఎస్ పాఠాల్లో రోగితో మాట్లాడే తీరు, నైతికత చేర్చారు. ఇక రోగి చేతిలో ఉన్నదొకటి: కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నిబంధనల్లో ఉంది.