కొత్తపేట నుంచి జింబాబ్వేకి ఓ వ్యాసం

రావులపాలెంలో అమలాపురం బస్సెక్కి కొత్తపేటలో దిగండి. ఎండ మాడ్చేస్తోంది. సెంటరు దాటి సందులోకి తిరిగి, మేడమెట్లు ఎక్కండి. తలుపు తీసే ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఓ కొబ్బరిచిప్ప బోర్లించారు. ల్యాప్‌టాప్ ముందున్న అమ్మాయి ఎమ్మెస్‌డబ్ల్యూ చదివింది. తెర మీద ‘ఆఫ్రికన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్’. జింబాబ్వే సోషల్ వర్కర్ల సంఘం నడిపే పత్రిక అది. గల్ఫ్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన కోనసీమ ఆడవాళ్ల మీద ఈమె రాసిన వ్యాసం దానికే వెళ్లబోతోంది.

ఆఫ్రికా పత్రికకెందుకు అని మీరు అడగబోతారు. ఆ ప్రశ్న ఆమెకి అలవాటే. మాట్లాడకుండా ఫోన్లో రికార్డింగు పెడుతుంది.

“ఆ ఇంట్లో నాతో ఇథియోపియా పిల్ల ఉండేదమ్మా. దాని భాష నాకు రాదు, నాది దానికి రాదు. వచ్చీరాని అరబ్బీలోనే గడిపేవాళ్లం. మామా కేకేస్తే చాలు, ఆ పిల్లొచ్చి నా వెనకాల నుంచునేది.”

మామా అంటే కువైట్ ఇంటి యజమానురాలు.

2013లో ఇథియోపియా ప్రభుత్వం తమవాళ్లు గల్ఫ్ పనులకి వెళ్లకుండా నిషేధం పెట్టింది. 2018లో ఎత్తేసింది. ఇక్కడ ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లని ఇంటిపనికి పంపకూడదు. 2016 నుంచయితే ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి, మన రాష్ట్రానికి ఓమ్‌క్యాప్ ఉంది. అక్కడా ఇక్కడా ఆడవాళ్లు ఆగలేదు, దారి మార్చుకున్నారంతే. విజిట్ వీసా, తెలిసిన ఏజెంటు, చేతిలో అప్పు. ఈ పోలికే వ్యాసానికి ఆయువుపట్టు. దీన్ని అడిస్ అబాబాలో పాఠం చెప్పేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

గౌతమి అవతల ఉన్న కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలో మారిషస్ చెరకుతోటలకి వెళ్లిన తెలుగువాళ్లకి అక్కడ కోరంగీలన్న పేరే పడింది. దాని మీదా ఓ పేరా రాసుకుంది, ఇప్పుడు కొట్టేస్తోంది. నేనైతే ఉంచేవాణ్ని.

సమీక్షకి వెళ్లే ఫైల్లోంచి తన పేరు తీసేయడం నిమిషం పని. మాట్లాడినవాళ్లని కనబడకుండా చేయడమే కష్టం. కొత్తపేట చుట్టుపక్కల పేరు మారిస్తే సరిపోదు. ‘కాలవ పక్కన డాబా కట్టుకున్న, కవల పిల్లల తల్లి’ అని రాస్తే ఏ టీకొట్టు దగ్గరైనా ఆమె ఇంటికి దారి చెబుతారు. అందుకని డాబా పోయింది, కవలలు ‘పిల్లలు’ అయ్యారు, ఊరు ‘డెల్టాలో ఓ గ్రామం’ అయింది. సంతకాలూ లేవు. ఏజెంటు పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టి మోసపోయినవాళ్ల ముందు అంగీకారపత్రం చాపితే ఏమవుతుంది? కాగితం చూడగానే నోరు మూతపడింది. అప్పట్నుంచి పత్రం చదివి వినిపించి, ‘సరే’ అన్న మాటని రికార్డు చేసుకుంటోంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఇందాక ఫోన్లో విన్న గొంతే. తన గురించి ఏం రాశారో వినడానికి వచ్చింది. మీ పక్కనే చాప మీద కూచుంటుంది. అమ్మాయి ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెబుతూ పోతుంది.

“ఊరి పేరు లేదు కదా?”

“లేదు పిన్నీ.”

“ఆ పిల్ల పేరు?”

“అదీ తీసేశాను.”

“మంచిది. మరి ఏజెంటుకి కట్టిందేదీ? చదవలేదే!”

“ఎంత కట్టావో రాస్తే, అప్పిచ్చినవాళ్లకి నువ్వేనని తెలిసిపోతుందేమో...”

“ఎంతో రాయకు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చానని రాయి. వచ్చే జీతం వడ్డీకే సరిపోయిందని రాయి. ఆయ్, అది లేకపోతే ఇంకెందుకది?”

ఆమె చెప్పినట్టే అమ్మాయి రెండు వాక్యాలు చేరుస్తుంది. పదాల లెక్క పరిమితి దాటింది. పైకి వెళ్లి, 1966 నాటి ఎవరెట్ లీ వలస సిద్ధాంతం మీద రాసిన పేరా మొత్తం నల్లగా సెలెక్ట్ చేస్తుంది. గైడు పట్టుబట్టి రాయించిన పేరా అది. డిలీట్ కొట్టింది.

“ఇప్పుడు మొదట్నుంచి చదువమ్మాయ్.”