ఆఖరి పరీక్షనాటి పరమాన్నం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయవలసిందిగా మన కార్యదర్శిగారు కోరారు. కరువు భత్యం, పెన్షన్ సవరణ, వైద్య ఖర్చుల తిరిగి చెల్లింపు వంటి విషయాల మీద నాకంటే బాగా తెలిసినవారు రాస్తున్నారు గనుక వాటి జోలికి పోవడంలేదు. మనమంతా ఉద్యోగస్తులం కావడానికి కారణమైన ఒక చిన్న పుస్తకం గురించి, అది ఇంటికి రావడం కోసం మన తల్లిదండ్రులు పడిన తపన గురించి, హైస్కూలు చదువు ముగిసిననాడు వారు చేసుకున్న పండుగ గురించి నాలుగు మాటలు చెప్పాలని నా ఉద్దేశం.

ఈ కథ 1857లో మొదలవుతుంది. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ సిఫారసుల ప్రకారం కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయాలు స్థాపించారు. హైస్కూలు చదువు ముగించి కాలేజీలోకి అడుగుపెట్టదలచినవారికి విశ్వవిద్యాలయం పెట్టిన ప్రవేశపరీక్షే మెట్రిక్యులేషన్. కోస్తా, రాయలసీమ జిల్లాల పిల్లలందరికీ మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. మెట్రిక్ ప్యాసైనవాడు కాలేజీకి వెళ్ళినా వెళ్ళకపోయినా కచ్చేరీలో గుమాస్తా పనికి పనికొచ్చేవాడు. అందుచేత ప్రవేశపరీక్ష కాస్తా జీవితపరీక్ష అయి కూర్చుంది.

ఆ రోజుల్లో తల్లిదండ్రుల ఆరాటం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే గురజాడ వారి 'కన్యాశుల్కం' చూడాలి. 1892లో మొదట ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన నాటకం. అందులో వెంకటేశం పరీక్ష తప్పి, తండ్రికి మొహం ఎలా చూపించాలా అని భయపడుతూ గిరీశాన్ని వెంటబెట్టుకుని ఇంటికి పోతాడు. కొడుకు ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు మీద తండ్రి గొణుగుతాడు, తల్లి వెనకేసుకొస్తుంది. మనం నవ్వుకుంటాం గాని, పరీక్షఫలితాన్ని చూసి ఇల్లంతా వణకడం అప్పటికే మొదలైపోయిందని గ్రహించాలి.

మెట్రిక్యులేషన్ స్థానంలో 1911 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చింది. మనలో చాలామందికి పరిచయమైన అట్ట పుస్తకం అదే. అందులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, పుట్టిన తేదీ, తరగతుల మార్కులు, చివరగా పబ్లిక్ పరీక్ష మార్కులు ఉండేవి. కాలేజీ కోర్సుకు అర్హుడని అందులో ముద్ర పడితే ఆ ఇంటి అంతస్తే మారిపోయేది.

ఖజానా శాఖలో పనిచేసినవాణ్ణి గనుక ఆ పుస్తకంలో పుట్టిన తేదీ ఎంత బరువైనదో నాకు తెలుసు. సర్వీసు రిజిస్టరులో జనన తేదీ ఆ పుస్తకాన్ని బట్టే వేసేవారు. 1983 ఫిబ్రవరి నెలాఖరును మరచిపోయినవారు మనలో ఎవరుంటారు? రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించడంతో, 55 దాటినవారంతా ఒక్కసారిగా ఇళ్ళకు పోవలసివచ్చింది. 1984లో తిరిగి 58 అయింది. జనన తేదీ మార్పులకు కళ్ళెం వేస్తూ నిబంధనలు వచ్చిందీ ఆ 1984లోనే. ఎప్పుడో బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన ఒక తేదీ, ఇంట్లో పొయ్యి మీదకు ఎసరు ఎక్కడం ఎక్కకపోవడం తేల్చింది.

ఆ మాస్టార్లు చాలామందికి జూలై 1 అంటే మహా ఇష్టం. మన సంఘంలో జూన్ 30న రిటైరైనవారు ఎందరో లెక్కవేసి చూడండి. మా అమ్మ లెక్క ప్రకారం నేను పుట్టింది భాద్రపద మాసంలో. పుస్తకం ప్రకారం 1946 జూలై 1. అమ్మ మాట సర్వీసు రిజిస్టరులో చెల్లదు కాబట్టి 2004 జూన్ 30న దండ వేయించుకున్నాను.

ఇక నిజాం సంస్థానం సంగతి. అక్కడి దారి వేరు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. హైస్కూలును మదర్సా ఫౌఖానియా అనేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు లెక్కలు, చరిత్ర కూడా ఉర్దూలోనే చదివి ఉస్మానియా మెట్రిక్ రాసేవారు. నాతో కలిసి పనిచేసిన వరంగల్ జిల్లా పెద్దాయన ఒకరు (ఇప్పుడు లేరు) చెబుతుండేవారు. ఆయన పాసైన రోజున తండ్రి ఊళ్ళో అందరికీ మిఠాయి పంచాడట. కాగితం మీద ఏమి రాసి ఉందో తల్లికిగాని తండ్రికిగాని చదవడం రాదు. పక్క ఊరి నుంచి ఒక మున్షీగారిని పిలిపించి, కొడుకు పేరు ఎక్కడుందో చూపించమని, ఆ చోట పసుపు బొట్టు పెట్టారట. ఆ మచ్చ ఆయన సర్టిఫికెట్ మీద చివరిదాకా ఉంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రెండు దారులవారమూ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల మీద కూర్చున్నాం.

ఆ రోజుల్లో ఇళ్ళలో జరిగే పండుగ ఒకటి కాదు, మూడు.

మొదటిది ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజు. రెండవది ఫలితాలు వచ్చిన రోజు. మూడవది పుస్తకం చేతికొచ్చిన రోజు. మూడింటిలోనూ రెండవదానికే హడావుడి ఎక్కువ. ఫలితాలు పత్రికలో నంబర్ల రూపంలో పడేవి. పత్రిక మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. ఊరికంతటికీ ఒకటో రెండో ప్రతులు. కిళ్ళీకొట్టు దగ్గర ఒకాయన చదువుతుంటే చుట్టూ ఇరవైమంది. సన్నని అక్షరాల వరుసల్లో నంబరు కనబడితే కొబ్బరికాయ, పటికబెల్లం. కనబడకపోతే అచ్చుతప్పేమోనన్న ఆశతో మరో పత్రిక కోసం తాలూకా కేంద్రానికి పరుగు. ఫస్టుక్లాసు వస్తే వీధి వీధంతా వచ్చి చూసిపోయేది. స్థోమత ఉన్నవారు సైకిలో, చేతి గడియారమో కొనిపెట్టేవారు. 1960లలో హెచ్.ఎం.టి. గడియారాలు వచ్చాక చాలామంది తండ్రుల కోరిక అదే. గోదావరి జిల్లాలవారికి రాజమండ్రి రత్నం పెన్ను మరొక గౌరవం. మాస్టారికి పంచెలచాపు, తాంబూలం ఇచ్చి కాళ్ళకు దండం పెట్టించడం మాత్రం కలిగినవారూ లేనివారూ అందరూ చేసేవారు.

మా ఇంట్లో మాత్రం మొదటి పండుగే పెద్దది. మా నాన్నగారు బట్టల కొట్టులో గుమాస్తా. థర్డ్ ఫారంతో చదువు ఆగిపోయిన మనిషి. ఆయన తండ్రి పోవడంతో జీతం కట్టేవారు లేక, సగం ఏడాదిలో బడి మానేశారు. 1962 మార్చిలో నేను ఎస్.ఎస్.ఎల్.సి. ఆఖరి పరీక్ష రాసి వచ్చేసరికి అమ్మ పులిహోర, పరమాన్నం చేసి ఉంచింది. మాస్టారిని భోజనానికి పిలిచారు. ఫలితాలు రాకుండానే ఈ సంబరమేమిటని మా మేనత్త అడిగింది. నాన్నగారు, "ఫలితం భగవంతుడిది, దిద్దేవాడిది. బడి చివరిదాకా వెళ్ళడం వీడిది, మనది. అది ఈవేళ పూర్తయింది" అన్నారు. తనకు దక్కనిది మార్కులు కాదు, ముగింపు. ఆ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆడపిల్లల విషయానికి వస్తే ఈ పండుగ చాలా ఆలస్యంగా వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టింది 1874లో. అయినా దశాబ్దాల తరబడి హైస్కూలు చివరి మెట్టు దాకా వచ్చిన ఆడపిల్లలు బహు కొద్దిమంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు స్వయంగా కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ప్యాసయ్యారు. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ద్వారా, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను అదే పరీక్షకు తయారుచేశారు. పెళ్ళయినవారు, వితంతువులు అక్కడ చదువుకుని తమ కాళ్ళమీద తాము నిలబడ్డారు.

మా చెల్లెలు 1966లో పరీక్ష రాసింది. ఆనాడూ ఇంట్లో అదే పరమాన్నం, అదే పులిహోర. ఫలితాలలో లెక్కలు పోయాయి. ఇక సంబంధాలు చూడమన్నారు బంధువులు. నాన్నగారు పలకలేదు. మరునాడు సప్లిమెంటరీకి ఫీజు కట్టి వచ్చారు. చెల్లెలు ఏడ్చింది గాని, భయపడలేదు. చేసిన శ్రమకు ఇంట్లో పండుగ ముందే జరిగిపోయింది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. సప్లిమెంటరీలో గట్టెక్కి, టీచర్ ట్రైనింగ్ చదివి, ఎలిమెంటరీ స్కూలు టీచరుగా రిటైరైంది.

తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. 1969-70లో మన రాష్ట్రం 10+2+3 పద్ధతికి మారింది. పదకొండో తరగతి పోయి పదో తరగతే బడి ముగింపు అయింది, పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం నడిచిన రోజుల్లో బడులు నెలల తరబడి మూతబడ్డాయి. ఎందరో పిల్లల చదువు వెనకబడింది. 1986లో ఎంసెట్ వచ్చింది. దాంతో బడి చదువు ముగింపన్నది ఒక మజిలీ కూడా కాకుండా పోయింది. పదో తరగతి ఆఖరి పరీక్ష మధ్యాహ్నం అయితే సాయంత్రానికి కోచింగు సెంటరులో సీటు. పండుగ ర్యాంకు వచ్చినవాడి ఇంటికీ, వాడి ఫొటో వేసుకున్న కాలేజీ ప్రకటనకూ పరిమితమైంది. ఈ పోటీ తగ్గించాలని 2012లో పదో తరగతికి మార్కుల బదులు గ్రేడులు ఇచ్చారు. ఆరాటం మార్కుల నుంచి గ్రేడులకు మారింది, అంతే.

2020లో కరోనా వల్ల రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదో తరగతి పరీక్షలు రద్దుచేసి అందరినీ ఉత్తీర్ణులను చేశారు. 2021లోనూ అంతే. ఆ ఏడు మా మనవరాలు, "తాతయ్యా, నేను పరీక్ష రాయకుండా పాసయ్యాను, నాకు పార్టీ అడిగే హక్కు ఉందా?" అని అడిగింది. పదేళ్ళు బడికి వెళ్ళావు కదమ్మా అన్నాను. ఆ రోజు మా కోడలు పరమాన్నం వండింది.

చివరగా ఒక మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలలో చదివాం. కారణాలు ఎన్నయినా ఉండవచ్చు. విచారణలు, సంస్కరణలు పెద్దల పని. మన చేతిలో ఉన్నది మాత్రం ఒకటుంది. ఇంట్లో పండుగ ఫలితాల రోజున చేస్తే అది నంబరుకు చేసిన పండుగ. ఆఖరి పరీక్ష రోజున చేస్తే అది పిల్లవాడికి చేసిన పండుగ. నంబరు తక్కువైనా వాడికి ఇంట్లో చోటు తక్కువ కాదని ఆ విస్తరే చెబుతుంది. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఉద్యోగాల ఒత్తిడిలో ఉంటారు. తీరిక ఉన్నది మనకే. కాబట్టి వచ్చే మార్చిలో పదో తరగతిగాని ఇంటర్‌గాని రాస్తున్న మనవలున్న సభ్యులందరికీ నా మనవి: చివరి పరీక్ష ఏనాడో ఇప్పుడే కేలండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆ పూట మీ స్తోమతుకు తగ్గ తీపి చేయించండి. పిల్లలకు చదువు చెప్పిన వారిని ఒక్కరినైనా భోజనానికి పిలవండి. పెట్టె అడుగున ఉన్న మీ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాన్ని తీసి వారికి చూపించండి. తక్కువ మార్కులున్న పేజీ కూడా దాచకుండా చూపించండి.